మా నాయన చేయించిన గట్టి బ్రేకు

మా ఇంట్లో ఒక వస్తువు బాగుందని చెప్పడానికి ఒకటే మాట ఉంది, గట్టి. చీర నేత గట్టిగా ఉండాలి, అంచు గట్టిగా ఉండాలి, పెళ్లి సంబంధం కుదిరితే అవతలివాళ్లు గట్టివాళ్లై ఉండాలి. కాఫీ చిక్కగా ఉందని మా నాయన అనడు, గట్టిగా ఉందంటాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధిలో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి ఇది మాకు వింతగా తోచదు. వదులు నేతను మా వీధిలో ఎవరూ క్షమించరు. ఆ మాటనే పట్టుకుని మా నాయన ఒకసారి కారు బ్రేకును బాగుచేయించాడు. ఆ దెబ్బకు నా పని నా చేతిలోంచి పోబోయింది.

ముందు నా పనేమిటో చెప్పాలి. నేను పెళ్లయ్యాక కూడా నాయన ఇంటి పక్కింట్లోనే ఉన్నాను. నాయన, మా ఆయన కలిసి మగ్గాలు చూసుకుంటారు. నేసిన చీరలను కారులో పెట్టుకుని హిందూపురం, బెంగళూరు అంగళ్లకు తీసుకుపోయి చూపించి అమ్మేది నేను. మా ఆయనకు కారెక్కితే కడుపులో తిప్పుతుంది. నాయనకు డ్రైవింగు రాదు. ఏ అంగడాయనకు ఏ అంచు నచ్చుతుందో, ఎవరి ముందు చీర మడత తీసి కొంగు ముందుగా చూపించాలో, ఎవరి ముందు చివరిదాకా దాచాలో నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, నా జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. ఒంటరిగా కారు తోలుకుంటూ పోయి, నచ్చినట్టు మాట్లాడి, చీరలు ఖాళీ చేసుకుని రావడం.

డ్రైవింగు నాకు తొందరగానే పట్టుబడింది. చిన్నప్పటి నుంచి గుంత మగ్గంలో కూర్చుని కాళ్లతో పలకలు తొక్కినదాన్ని. పడుగులో ఎక్కడో ఒక పోగు చిక్కుకుంటే కంటికంటే ముందు పాదానికి తెలుస్తుంది. కారు నేర్పినాయన క్లచ్చి గురించి, బ్రేకు గురించి గంటలకొద్దీ చెబుతుంటే, ఇందులో చెప్పడానికి ఏముందబ్బా అనుకునేదాన్ని. కాలు పెడితే అదే చెబుతుంది కదా.

కాలే చెప్పింది కూడా. ఒకరోజు రైల్వే గేటు దగ్గర బ్రేకు అదిమిపట్టి కూర్చున్నాను. కాలి కింద పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. వదిలి మళ్లీ తొక్కితే పైకి వచ్చి నిలబడింది, కాసేపటికి మళ్లీ దిగింది. ఇంటికొచ్చి కారు కింద చూస్తే ఆయిలు చుక్క కూడా కారలేదు. ఇది మాస్టర్ సిలిండరు జబ్బు. మనం పెడల్ తొక్కితే బానెట్ కింద ఒక చిన్న ఇనుప గొట్టంలో పిస్టన్ ముందుకు జరిగి, బ్రేకు ఆయిలును చక్రాల దాకా నెడుతుంది. ఆ గొట్టమే మాస్టర్ సిలిండరు. లోపలి రబ్బరు సీళ్లు అరిగితే ఆయిలు బయటికి రాకుండా లోపల్లోపలే వెనక్కి జారుతుంది, పెడల్ మునుగుతుంది. నేను ఇంట్లో చెప్పాను. నాకు ఆ వారం బంధువుల పెళ్లి ఉండడంతో, కారును మెకానిక్కు షెడ్డుకు తీసుకుపోయే పని నాయన పెట్టుకున్నాడు.

తోలింది మా పెదనాయన కొడుకు. నాకు అన్న వరస. దిట్టమైన మనిషి, చాలాకాలం ఇసుక టిప్పర్లు తోలాడు, ఇప్పుడు ఊళ్లోనే ఖాళీగా ఉన్నాడు. ఇద్దరూ ధర్మవరంలోనే ఒక షెడ్డుకు పోయారు. అక్కడ నాయన చెప్పిన మాట ఇది. "బ్రేకు మెత్తగా ఉండాదప్పా. కాలు పెడితే మునుగుతాంది. గట్టిగా చేసియ్యి." మెకానిక్కు కొత్త సిలిండరు బిగించాడు. నాయన వంగి పెడల్‌ను చేత్తో నొక్కి చూశాడు. కదల్లేదు. సంతోషంగా ఇంటికి తీసుకొచ్చాడు.

వీధిలో నలుగురు ఎక్కి తొక్కి చూశారు. "ఏమబ్బా, భలే గట్టిగా ఉండాదే" అన్నారు. అన్న అయితే "టిప్పర్ బ్రేకు మాదిరి ఉండాది చిన్నాయనా" అని మెచ్చుకున్నాడు. నాయన ముఖం వెలిగిపోయింది. నేను పెళ్లి నుంచి వచ్చి ఎక్కి తోలాను. పెడల్ కొంచెం దిగి రాయిలా ఆగిపోయింది. పెడల్ ఆగింది కానీ కారు ఆగలేదు. వీధి చివర ఆగాల్సినది మెయిన్ రోడ్డు మీదికి ముక్కు పెట్టింది.

"నాయనా, బ్రేకు పట్టడంల్యా" అన్నాను.

"గట్టిగా ఉండాది కదమ్మా. ఇంకెట్ల పట్టల్ల?" అన్నాడు నాయన. "కొత్తది కదా, అలవాటైతాది."

అలవాటు కాలేదు. ఆ తర్వాతి వారం చీరలు పెట్టుకుని హిందూపురం పోతూ పెనుకొండలో ఒకరి కోసం ఊళ్లోకి తిరిగాను. కోటకొండ కింద ఇరుకు రోడ్డు, ముందు శెనక్కాయ మూటలేసుకుని ఒక ట్రాక్టరు పోతోంది. నేను దూరంగానే ఉన్నాను, నెమ్మదిగానే పోతున్నాను. ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కాను. సీట్లోంచి పైకి లేచి, స్టీరింగు పట్టుకుని, ఒళ్లంతా ఆ కాలి మీద పెట్టాను. కారు మెల్లగా, ఏమాత్రం తొందర లేకుండా పోయి ట్రాలీకి తగిలింది. ఒక హెడ్‌లైటు పగిలింది, బంపరు వంగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ట్రాక్టరాయన దిగి వచ్చి "ఏమక్కా, బ్రేకు ల్యాదా?" అన్నాడు. "ఉండాది, గట్టిగా ఉండాది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

సాయంత్రం ఇంటి ముందు పంచాయతీ జరిగింది. అన్న కారెక్కి వీధి పొడవునా తోలి, మధ్యలో ఒక్క తొక్కు తొక్కాడు. కారు నిలబడింది. వెనక్కి వచ్చి "బ్రేకు బంగారం మాదిరి ఉండాది చిన్నాయనా. పాప కాలికి బలం సాల్దు, అంతే" అన్నాడు. చూసిన వాళ్లందరూ తలలూపారు. కళ్ల ముందు కారు ఆగింది కదా మరి.

నాయన వంగిన బంపరును చేత్తో తడిమి చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పాడు. "నువ్వింక తోలొద్దు పాపా. అన్న తోల్తాడు. అంగళ్లకు కూడా వాడే పోయొస్తాడు. నువ్వు ఇంట్లో చీరలు మడతలు పెట్టు."

భయంతో అన్నాడని ఇప్పుడు తెలుస్తుంది. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. చీర కొంగు విప్పి చూపించడం కూడా చేతకాని మనిషి నా అంగళ్లకు పోతాడట. పట్టుచీరను దుప్పటి దులిపినట్టు దులిపి చూపిస్తాడు, రెండు నెలల్లో ఒక్క అంగడాయనా మా ముఖం చూడడు. అంతకంటే నన్ను మండించింది నా కాలును తప్పుపట్టడం. పదేళ్ల వయసు నుంచి మగ్గం తొక్కిన కాలు. దానికి బలం చాలదని ఎవరైనా అంటే నేను ఊరుకునే మనిషిని కాదు.

ఫోన్లో వీడియోలు చూశాను. అందరూ ఒకటే పాఠం చెబుతున్నారు. పెడల్ మునిగితే మాస్టర్ సిలిండరు, పెడల్ గట్టిబడితే బూస్టరు. బూస్టరంటే పెడల్‌కూ సిలిండరుకూ మధ్య ఉండే గుండ్రటి నల్ల డబ్బా, మూతపెట్టిన మూకుడంత ఉంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపు అందులోంచి గాలి బయటికి లాగేస్తూ ఉంటుంది. మనం బ్రేకు తొక్కగానే పెడల్ వైపు నుంచి బయటి గాలి లోపలికి దూసుకొచ్చి, మన కాలితో పాటు తనూ తొక్కుతుంది. అది చెడితే గాలి సాయం పోయి, మన కాలొక్కటే మిగులుతుంది, పెడల్ రాయవుతుంది. దొరికాడు దొంగ అనుకున్నాను. బూస్టరు చెడిందని తేలితే నా కాలు గెలిచినట్టే.

మర్నాడు పొద్దున్నే ఎవరూ లేవకముందే పోయి కారులో కూర్చున్నాను. ఇంజను ఆపే ఉంది. బ్రేకును వెంట వెంటనే తొక్కాను, డబ్బాలో మిగిలిన బలం అయిపోయి పెడల్ బిగుసుకునే దాకా. కాలు అలాగే అదిమిపట్టి ఇంజను స్టార్టు చేశాను. పెడల్ కాలి కింద కొంచెం కిందికి జారింది. బూస్టరు బాగుంటేనే అలా జారుతుంది. ఒకవేళ లోపల చిరిగి ఉంటే గాలి కారే చప్పుడైనా వస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. బూస్టరు శుభ్రంగా పనిచేస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సిలిండరు కొత్తది, బూస్టరు మంచిది, ఇక మిగిలింది నా కాలే.

అయినా కాలు ఒప్పుకోలేదు. పై వీధిలో ఒక టీచరమ్మకు అచ్చంగా మా కారులాంటిదే ఉంది. పోయి అడిగి ఆమె కారెక్కి బ్రేకు తొక్కాను. ఆ పెడల్ మెత్తగా మొదలై, మూడు వేళ్ల దూరం దిగి, దిగేకొద్దీ బరువెక్కుతుంది. ఎంత తొక్కితే అంత పడుతుంది. మాది వేలెడు కూడా దిగదు. బూస్టరు సాయం ఉన్నా రాయిలాగే ఉంది. టీచరమ్మ "ఏం వెతుకుతాండావు తల్లీ?" అంది. "మా బ్రేకుకు ఏం తక్కువైందో చూస్తాండా" అన్నాను. తక్కువైంది దూరం అని అప్పుడే తెలిసింది.

నాయన దగ్గరికి పోయి చెప్పాను. "హిందూపురంలో ఒక షెడ్డులో చూపిద్దాం నాయనా. తప్పు నా కాలిదే అని తేలితే కారు బీగాలు అన్నకే ఇచ్చేస్తా, మళ్లా అడగను." నాయన ఒప్పుకున్నాడు, తనూ వస్తానన్నాడు. అన్న తోలాడు, నాయన పక్కన కూర్చున్నాడు, నేను వెనక చీరల మూటతో. నా కారులో నేను వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. అన్న ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కి, అద్దంలో నన్ను చూసి నవ్వుతున్నాడు. సోమందేపల్లి దాటేదాకా పళ్లు బిగించి కిటికీలోంచి బయటికి చూశాను.

హిందూపురం మెకానిక్కు మాటకారి. ఒక చెవితో తెలుగు, ఒక చెవితో కన్నడం వింటూ, ఎవరు చెప్పేదీ సగానికి మించి వినడు. నేను "పెడల్ గట్టిగా ఉండాది" అనగానే "బూస్టరక్కా, ఇంకేముంది" అంటూ స్పానరు తీశాడు.

"బూస్టరు కాదు" అన్నాను.

"గట్టిగుంటే బూస్టరే అక్కా. ఎన్నో బండ్లు చూసినా."

"వచ్చి కూర్చో. ఇంజను ఆపి తొక్కు. తొక్కినాక పట్టుకుని స్టార్టు చెయ్యి."

నవ్వుతూనే కూర్చున్నాడు. తొక్కాడు, పట్టుకున్నాడు, స్టార్టు చేశాడు. పెడల్ జారింది. ఆయన మాట ఆగింది. అది ఆ షెడ్డులో అరుదు కాబోలు, పక్కన పని చేసేవాళ్లు కూడా తలెత్తి చూశారు. "కొత్త సిలిండరు వేసినాకే ఇట్లైంది. పాతది డిక్కీలో ఉండాది, చూడు" అన్నాను. మా నాయన ఏ వస్తువునూ పారేయడు. పాత సిలిండరు కూడా ఒక చీర ముక్కలో చుట్టి భద్రంగా ఉంది.

మెకానిక్కు కొత్తదాన్ని విప్పి పాతదాని పక్కన పెట్టాడు. బయటికి రెండూ ఒకేలా ఉన్నాయి, బోల్టు రంధ్రాలు కూడా ఒకే చోట. లోపలి పిస్టన్లు తీశాక నేను నా బొటనవేలు పాతదాని నోట్లో పెట్టాను. బిగుతుగా పట్టింది. కొత్తదాంట్లో పెట్టాను. లొడలొడా ఆడింది. నేను తల ఎత్తి మెకానిక్కును చూశాను, ఆయన నా వేలును చూస్తున్నాడు.

"ఇది మీ బండిది కాదక్కా, పెద్ద బండిది. బోల్టులు కూర్చున్నాయి కదా అని వేసేసినాడు. గొట్టం లావైతే పెడల్ గట్టిగుంటాది, తక్కువ దిగుతాది. కానీ అదే కాలుతో తొక్కితే చక్రాల కాడ ఒత్తిడి తక్కువైతాది."

ధర్మవరం మెకానిక్కును నేను తప్పుపట్టను. గట్టిగా చేసియ్యి అన్నారు, చేసిచ్చాడు. నాకు మాత్రం ఆ షెడ్డులో గంతులేయాలనిపించింది. అన్న ముఖం చూశాను. వాడు టైర్ల వైపు చూస్తున్నాడు.

కానీ నాయన బెంచీ మీద నుంచి లేవలేదు. ఆయనకు ఇంకా మింగుడుపడలేదు. "గట్టిదాన్ని తీసేసి మెత్తది పెట్టేదేంది?" అన్నాడు. "మళ్లా మునగదా?" మెకానిక్కు ఒత్తిడి, వైశాల్యం అంటూ మొదలుపెట్టాడు. నాయన వింటున్నట్టు తలూపుతున్నాడు కానీ ఆ తలూపు నాకు తెలుసు. అది వినని తలూపు. నాయన ఒప్పుకోకపోతే ఆ లావు సిలిండరే మళ్లీ బిగుస్తుంది, నా బీగాలు అన్న జేబులోనే ఉంటాయి.

రోడ్డుకు అవతల మందుల షాపు ఉంది. పోయి రెండు సిరంజీలు తెచ్చాను, ఒకటి లావుది, ఒకటి సన్నది. సూదులు తీసేసి షెడ్డు డ్రమ్ములోంచి నీళ్లు నింపి నాయన చేతికిచ్చాను. "రెండూ ఒకే బలంతో ఒత్తు నాయనా." లావుదాన్ని ఒత్తాడు. బొటనవేలుకు గట్టిగా తగిలింది, నీళ్లు కాళ్ల దగ్గరే పడ్డాయి. సన్నదాన్ని ఒత్తాడు. నీళ్లు రివ్వున పోయి అన్న చొక్కా తడిపాయి. నాయన సిరంజీని తిప్పి తిప్పి చూశాడు. మళ్లీ నింపమన్నాడు. ఈసారి కూడా అన్న వైపే పట్టి ఒత్తాడు, పొరపాటున కాదని నాకు తెలుసు.

"సన్నదాన్ని ఎక్కువ దూరం తొయ్యాల్సి వస్తాంది" అన్నాడు.

"అందుకే పెడల్ ఎక్కువ దిగుతాది నాయనా. అది దిగేది. మునిగేది వేరే. దిగి నిలబడితే మంచిది, నిలబడకుండా పోతానే ఉంటే జబ్బు."

నాయన బెంచీ మీద నుంచి లేచి మెకానిక్కుతో "పాప చెప్పిందే ఎయ్యప్పా" అన్నాడు. అన్న ఓటమి ఒప్పుకోవడం ఇష్టంలేక "పోనీ, బూస్టరు పెద్దది ఏస్తే?" అన్నాడు. మెకానిక్కు రెండు భాషల్లోనూ కాదన్నాడు. "బేడప్పా, వద్దు. బూస్టరు పెద్దదైతే కాలు తగిలితేనే పట్టేస్తాది. బండి చేసినోళ్లు ఈ రెండింటికీ జత చూసి పెట్టింటారు."

సరైన కొలత సిలిండరు దగ్గరి స్పేరు పార్టుల అంగడిలో దొరికింది. బిగించాక గొట్టాల్లో గాలి తీయాలి. ఆయన కింద పడుకుని చక్రం దగ్గర గాలి పోయే చిన్న నిప్పిలు మరను విప్పుతూ మూస్తూ ఉంటే, పైన ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. ఎవరూ చెప్పకముందే నేనే ఎక్కి కూర్చున్నాను. "తొక్కక్కా, పట్టు, వదులు" అని కింద నుంచి గొంతు వినిపిస్తోంది. గాలి పోయేకొద్దీ పెడల్ కాలి కింద ఎదిగి, ఒకచోట వచ్చి నిలబడింది. పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దిగలేదు. మెత్తగా మొదలైంది, బరువుగా ముగిసింది.

ముందు అన్న తోలి చూస్తానన్నాడు. నాయన పక్కన కూర్చున్నాడు. షెడ్డు గేటు దగ్గర అన్న తన టిప్పరు కాలితో, వచ్చేటప్పుడు దారిపొడవునా తొక్కినట్టే తొక్కాడు. కారు ఉన్నచోట ఉన్నట్టు నిలబడింది. నాయన తలకు చుట్టుకున్న టవలు డాష్‌బోర్డు మీద పడింది. అన్న మళ్లీ కదిలించాడు, మళ్లీ అంతే. ఈసారి నాయన "దిగప్పా" అన్నాడు. అన్న దిగి బీగాలు నా చేతిలో పెట్టి "నువ్వే తోలమ్మా, నా కాలు దీనికి బరువు" అన్నాడు. మంచివాడే, నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆ మాటను ఊళ్లో ఎంతమందికి చెప్పాలో అప్పుడే లెక్కేసుకుంటున్నాను.

అంగళ్లలో చీరలు చూపించుకుని బయలుదేరాం. నేను తోలుతున్నాను, నాయన పక్కన, అన్న వెనక. పెనుకొండ దగ్గర హైవే మీదికి గొర్రెల మంద ఒక్కసారిగా దిగింది. ముందుపోతున్న లారీ ఎర్రదీపాలు వెలిగాయి. నాయన చెయ్యి డాష్‌బోర్డు మీదికి పోయింది. నేను కాలు పెట్టాను. పెడల్ దిగింది, బరువెక్కింది, కారు ముక్కు కొంచెం వంచి లారీకి చాలా వెనకే నిలబడింది. వెనక చీరల మూట కదలను కూడా కదల్లేదు. గొర్రెలు తీరిగ్గా దాటిపోయాయి.

నాయన చేతిని డాష్‌బోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "బెంగళూరికి ఎప్పుడు పోతాండావు?" అన్నాడు.

"సోమవారం" అన్నాను.

"కొత్త జరీ అంచువి తీసుకపో" అని, సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు. ఎవరు తోలినా కారులో రెప్ప వాల్చని మనిషి. కాసేపటికి గురక మొదలైంది. ధర్మవరం చేరేదాకా నేను ఒక్కసారి కూడా హారను కొట్టలేదు.